మీకు తెలుసా? ఒక్క ఏడాదిలో పదహారుసార్లు గాలానికి చిక్కిన చేప

అమెరికాలో ఏ చెరువు గట్టునైనా గాలం పట్టుకుని నిలబడ్డ మనిషి కనిపిస్తే, బాస్ చేప కోసమే అనుకోండి. చాలాసార్లు మీ ఊహ తప్పదు. నేను కోనసీమ కాలవ గట్టున వెదురు కర్ర, తంగూసు, వానపాముతో మొదలుపెట్టినవాణ్ణి. ఇరవై ఏళ్లుగా టెక్సాస్ చెరువుల చుట్టూ తిరుగుతున్నాను. చదివినవీ, పక్కింటి పెద్దాయన చెప్పినవీ, వేలికి ముల్లు దిగి నేర్చుకున్నవీ కొన్ని ఈసారి. వరస అంటూ ఏమీ లేదు.

*

పేరులో బాస్ ఉన్నా ఇది అసలైన బాస్ కాదు. పెద్దనోటి బాస్, చిన్ననోటి బాస్ రెండూ సన్‌ఫిష్ కుటుంబానివి. అరచేతంత ఉండే బ్లూగిల్ చేపకు ఇవి అన్నల వరస. ఆ తమ్ముణ్ణి మింగే అన్నగారు బతుకుతాడు. నోరు మూసి ఉన్నప్పుడు పై దవడ కంటిని దాటి వెనక్కి పోతే పెద్దనోటిది, కంటి కిందే ఆగిపోతే చిన్ననోటిది. గట్టు మీద పందెం కాసే ముందు ఈ ఒక్క గుర్తు చాలు.

*

శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఇంకా తమాషా. ‘మైక్రోప్టెరస్’ అంటే చిన్న రెక్క అని అర్థం. చూస్తే ఈ చేపకు చిన్న రెక్కంటూ ఏదీ లేదు. 1802లో ఫ్రెంచి శాస్త్రవేత్త లాసెపెడ్ చేతికొచ్చిన చిన్ననోటి బాస్‌కు వీపు రెక్క కొసన చిరిగిపోయింది. ఆ చిరిగిన ముక్క విడిగా ఒక చిట్టి రెక్కలా కనబడింది. అది దాని పుట్టుకే అనుకుని ఆయన పేరు ఖాయం చేశాడు. ఒక దెబ్బతిన్న చేప గాయం రెండు వందల ఏళ్లుగా వంశం మొత్తానికి ఇంటిపేరై కూర్చుంది. అదే చిన్ననోటి బాస్‌కు తన స్నేహితుడు డొలొమ్యూ పేరునూ తగిలించాడు. ఆయన భూగర్భ శాస్త్రవేత్త. డోలమైట్ రాయికీ ఆయన పేరే. విశాఖ ఉక్కు కర్మాగారానికి ఖమ్మం జిల్లా మాదారం గనుల్లో తవ్వే రాయీ, మిషిగన్ నీళ్లలో ఈదే చేపా ఒకే మనిషి పేరు మోస్తున్నాయి.

*

ఇప్పుడు శీర్షికలోని చేప సంగతి.

ఇల్లినాయ్ రాష్ట్రంలో రిడ్జ్ లేక్ అని ఓ చిన్న జలాశయం ఉంది. 1970లలో అక్కడి పరిశోధకులు ఒక పని పెట్టుకున్నారు. గాలానికి చిక్కిన ప్రతి బాస్‌నూ కొలవడం, గుర్తు తగిలించడం, మళ్లీ నీళ్లలోకి వదలడం. నాలుగేళ్లు ఇదే పని. ఒక చేప మొదటి రెండు రోజుల్లోనే మూడుసార్లు దొరికింది. ఇంకొకటి ఒక్క ఏడాదిలో పదహారుసార్లు! నోట్లో ముల్లు దిగడం, గాల్లోకి లేవడం, మళ్లీ నీళ్లలో పడటం... అయినా మళ్లీ ఆ ఎర దగ్గరికే వచ్చింది. చివరికి జలాశయం ఎండగట్టి చూస్తే పదిహేడు వందలకు పైగా చేపలు తేలాయి. వాటిలో రెండు వందల దాకా నాలుగేళ్లూ అదే నీళ్లలో ఉండి, ఒక్కసారి కూడా గాలానికి తగలనివి.

పరిశోధకులు అక్కడితో ఆగలేదు. సులువుగా చిక్కేవాటిని ఒకవైపు, చిక్కనివాటిని ఒకవైపు ఉంచి జత కట్టించారు. వాటి పిల్లల్ని, ఆ పిల్లల పిల్లల్ని పెంచి గాలాలు వేసి చూశారు. తరం మారేకొద్దీ రెండు వర్గాల మధ్య తేడా పెరిగింది. గాలానికి చిక్కే గుణం కొంత పుట్టుకతోనే వస్తుందన్నమాట.

ఈ లెక్క చదివిన రోజు నాకు కాస్త పొగరు దిగింది. కొట్లో ఎనిమిది డాలర్లు పెట్టి కొత్త ఎర కొని, చేప పడగానే ‘ఇదీ ఎరంటే!’ అని ఎగిరేవాణ్ణి. పడింది ఎర గొప్పతనానికా, ఆ చేప పదహారుసార్ల రకం కావడం వల్లా? అప్పటినుంచి నా పద్ధతి మారింది. బెంచీల ముందు, పడవ రేవు పక్కన, అందరూ నిలబడే చోట చేపలు ఉండవని కాదు, ఉన్నవి చదువుకున్నవి. పది, పదిహేను విసుర్లు వేసినా తగలకపోతే ఎర మార్చను, నేను కదులుతాను. నాచు అడ్డం ఉందని, ముళ్లకంప ఉందని, బురద ఉందని జనం వెళ్లని మూలకు వెళ్తాను. చెప్పులు పాడవుతాయి. అది వేరే ఖర్చు.

*

అడుగుల చప్పుడు తగ్గించండి. బాస్ ఒంటికి రెండు పక్కలా తల నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది. అది అలంకారం కాదు, నీటిలో కదలికను పసిగట్టే అవయవం. మీరు గట్టు మీద ధనధనా నడిస్తే, మీ నీడ కంటే ముందే మీ రాక దానికి తెలిసిపోతుంది.

*

కొట్లో ఎరలు ఎన్ని రంగులో! గుమ్మడి రంగు, పుచ్చకాయ రంగు, నిమ్మపసుపు, ఊదా, మెరుపు చల్లినవి, చల్లనివి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు బాస్ కళ్లను పరీక్షిస్తే తేలిందేమిటంటే, దాని కంట్లో రంగును పట్టే కణాలు ప్రధానంగా రెండు రకాలే: ఒకటి ఎరుపుకు, ఒకటి ఆకుపచ్చకు. ఆ రెండిటినీ చక్కగా గుర్తుపడుతుంది. నిమ్మపసుపుకీ తెలుపుకీ తేడా పట్టలేదు. నీలం, నలుపు దానికి ఒకలాగే ఉంటాయి. కాబట్టి మీ పెట్టెలో నలుపు ఎర ఉంటే నీలం కోసం మళ్లీ కొట్టుకు పోనక్కర్లేదు. మిగతా రంగులన్నీ ఎవరి కోసం తయారవుతున్నాయి అంటారా? పర్సు ఉన్నవాళ్ల కోసం.

*

1932 జూన్ 2. జార్జియా రాష్ట్రం. వానలకు పొలం తడిసి అరక కట్టే వీలు లేదు. జార్జ్ పెర్రీ అనే కుర్ర రైతు స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని, ఓక్మల్గీ నది వదిలేసిన పాత పాయ ఒకటి ఉంటే, మాంట్‌గోమరీ లేక్ అంటారు దాన్ని, అక్కడికి గాలానికి వెళ్లాడు. ఇద్దరికీ కలిపి ఒకే ఎర అని చెబుతారు. గాలం ఎక్కడో మొద్దుకు తట్టుకుందనుకున్నాడు. మొద్దు కదిలింది. తూకం వేస్తే 22 పౌండ్ల 4 ఔన్సులు, మన లెక్కలో పది కిలోల పైమాటే. ఓ పత్రిక పోటీకి వివరాలు పంపితే 75 డాలర్ల విలువైన సామాను బహుమతిగా వచ్చింది. మరి చేప? ఇంటిల్లిపాదీ వండుకు తిన్నారు. అది మహా మాంద్యం కాలం. గోడకు తగిలించుకోవడానికి కాదు, కూరకు పట్టిన చేప అది.

ఆ రికార్డు 77 ఏళ్లు చెక్కుచెదరలేదు. 2009 జులై 2న జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిత అనే ఆయనకు 22 పౌండ్ల 4.97 ఔన్సుల బాస్ దొరికింది. పెర్రీ చేప కన్నా ఎక్కువే. అయినా రికార్డు బద్దలు కాలేదు! పాతిక పౌండ్ల లోపు చేపైతే పాత తూకాన్ని కనీసం రెండు ఔన్సులు దాటాలని అంతర్జాతీయ సంఘం నిబంధన. కురిత చేప దాటింది ఒక్క ఔన్సు కూడా లేదు. అబద్ధాలు పట్టే యంత్రం ముందు ఆయన్ని కూర్చోబెట్టి ప్రశ్నలడిగి, చివరికి ఇద్దరూ సమానమని తేల్చారు. పెర్రీని ఎవరూ ఏ యంత్రం ముందూ కూర్చోబెట్టలేదు. చేపను తినేశాక అడిగేదేముంది!

ఈ కథకు ఇంకో కొస ఉంది, నాకు రికార్డు కన్నా అదే ఇష్టం. జపాన్‌లో బాస్ పుట్టలేదు. 1925లో తెత్సుమా అకాబొషి అనే వ్యాపారి అమెరికా నుంచి తెచ్చి అషి సరస్సులో వదిలాడు. కురిత ఎరగా గుచ్చింది బతికున్న బ్లూగిల్‌ను. అదీ జపాన్‌ది కాదు. 1960లో యువరాజు అకిహితో అమెరికా వెళ్లినప్పుడు షికాగో మేయరు కానుకగా ఇచ్చాడు. తినడానికి పనికొస్తాయని పెంచబోతే అవి సరస్సుల్లోకి చేరి అక్కడి చేపల పాలిట యమదూతలయ్యాయి. 2007లో, అప్పటికి చక్రవర్తి అయిన అకిహితో, బివా సరస్సు ఉన్న షిగా ప్రాంతంలోనే నిలబడి అందుకు బాధగా ఉందని బహిరంగంగా చెప్పారు. ఇల్లరికం వచ్చిన చేపను ఇల్లరికం వచ్చిన ఎరతో పట్టి, అమెరికా రైతు రికార్డును జపాన్ మనిషి అందుకున్నాడు.

టెక్సాస్‌లో పట్టిన బాస్‌ను తిరిగి నీళ్లలో వదిలితే భుజం తడతారు. షిగాలో వదిలితే అది నిబంధన మీరడం.

*

పెర్రీని మించిన చేపా ఒకటుంది. కాలిఫోర్నియాలో డిక్సన్ లేక్. 2006 మార్చిలో మాక్ వీక్లీ అనే ఆయన చేతి తూకంలో అది 25 పౌండ్ల 1 ఔన్సు తూగింది. కానీ ముల్లు నోట్లో కాక ఒంటికి తగిలింది. అలా పట్టింది లెక్కలోకి రాదు. రికార్డు అడక్కుండానే దాన్ని వదిలేశారు. మొప్ప కింద నల్లటి చుక్క ఉండేది కాబట్టి జనం డాటీ అని పిలుచుకునేవాళ్లు. రెండేళ్ల తర్వాత అది చచ్చి తేలినప్పుడు కూడా ఆ చుక్కతోనే గుర్తుపట్టారు. దిష్టిచుక్క అంత పెద్ద రికార్డునుంచి కాపాడిందో, రికార్డుకు దూరం చేసిందో!

*

రబ్బరులా సాగే ప్లాస్టిక్ వానపాము ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్‌లో, నిక్ క్రీమ్ అనే ఆయన వంటింటి పొయ్యి మీద పుట్టింది. సంవత్సరం 1949. ఇంట్లో ఆ వాసన ఎలా ఉండేదో, ఆయన భార్య ఏమనేదో ఊహించుకోవచ్చు. తర్వాత వ్యాపారం టెక్సాస్‌లోని టైలర్‌కు చేరింది. ముల్లు మొనను ప్లాస్టిక్ పురుగు ఒంట్లోకే తిరిగి దించేస్తే, నాచులోకి విసిరినా ఏమీ పట్టుకోకుండా జారి వస్తుంది. దీన్నే ‘టెక్సాస్ రిగ్’ అంటారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏం కొనాలని నన్నడిగితే ఇదొక్కటే చెబుతాను: ముదురు ఊదా రంగు పురుగులు ఒక పొట్లం, వంపు ముళ్లు ఒక పొట్లం, తూటాలాంటి చిన్న గుళ్లు నాలుగు. విసరండి, అడుక్కు దిగేదాకా ఆగండి. చాలామంది ఆగలేరు. చేప తగిలేది తరచూ ఆ దిగుతున్నప్పుడే. తంగూసు పక్కకు జరిగినట్టనిపిస్తే అదే పిలుపు.

*

తంగూసు అన్నాను కాబట్టి: ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి. పొడిగా లాగితే రాపిడి వేడికి దారం అక్కడే బలహీనపడుతుంది. ప్రతి అరగంటకీ చివరి మూరెడు రెండు వేళ్ల మధ్య పెట్టి లాగి చూడండి. గరుకు తగిలితే కోసేసి మళ్లీ ముడేయండి. నేను పోగొట్టుకున్న పెద్ద చేపల్లో సగం బద్ధకం వల్లే పోయాయి.

మామూలు నైలాన్ తంగూసు నీటి పైపైన ఉంటుంది, ఫ్లోరోకార్బన్ మునుగుతుంది. పైన తేలే ఎరకు మునిగే దారం కట్టి, ఎర సరిగా ఆడటం లేదని కొట్టువాణ్ణి తిట్టుకోవడం నేను చేసిన పనే.

*

వసంతంలో నీరు 60 ఫారన్‌హీట్ దాటి వెచ్చబడగానే మగ బాస్ గట్టు దగ్గరికి వచ్చి తోకతో అడుగు ఊడ్చి పళ్లెమంత గుంట చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. గుడ్లను కాచేది, రెక్కలతో నీళ్లు విసిరేది, పిల్లలు ఈదేదాకా కాపలా ఉండేది తండ్రే. ఆ రోజుల్లో గూటి ముందు ఏది పడ్డా ఆకలితో కాదు, కోపంతో నోట కరుచుకుంటుంది. అందుకే చాలా సులువుగా చిక్కుతుంది. మనం దాన్ని పట్టుకుని ఫొటో దిగే రెండు నిమిషాల్లో బ్లూగిళ్లు వచ్చి గుడ్లు ఊడ్చేస్తాయి. ఇల్లినాయ్ పరిశోధనల్లో బయటపడ్డ ఇంకో సంగతి: గాలానికి సులువుగా చిక్కే రకం మగవే గూడు కాయడంలో గట్టివి. అంటే ఆ రోజుల్లో మనం లాగేది చెరువులోని మంచి తండ్రుల్ని. నేను ఆ నాలుగైదు వారాలూ గట్టు దగ్గరి గుంటల జోలికి పోను. చట్టం చాలాచోట్ల ఒప్పుకుంటుంది; నాకే మనసొప్పదు.

*

పోటీల్లో పట్టిన చేపల్ని బతికించి వదలాలన్న అలవాటు తెచ్చింది రే స్కాట్ అనే అలబామా బీమా ఏజెంటు. 1967లో మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్‌లో వానకు చేపల వేట ఆగిపోయి, లాడ్జి గదిలో టీవీలో బాస్కెట్‌బాల్ చూస్తుంటే, దీనికున్నట్టే బాస్‌కూ పోటీలు ఎందుకుండకూడదని ఆయనకు తట్టిందట. ఆ ఏడాది జూన్‌లోనే అర్కాన్సాస్‌లోని బీవర్ లేక్‌లో మొదటి పోటీ జరిపాడు. 1972 నుంచి ‘చంపకండి, వదలండి’ అంటూ మొదలుపెట్టాడు. పడవలో నీటి తొట్టె, అందులో గాలి బుడగలు... ఇవన్నీ మామూలైపోయింది ఆ తర్వాతే.

వదిలేవాళ్లు వదలడమూ తెలుసుకోవాలి. చేప ఒంటి మీది జిగట దాని చర్మానికి కాపలా. పొడి చేతులతో, పొడి తువాలుతో పట్టుకుంటే ఆ జిగట ఊడి చేప రోగాలపాలవుతుంది. ముందు చెయ్యి తడుపుకోండి. కింది దవడను బొటనవేలితో పట్టుకోవచ్చు. పళ్లు గరుకు కాగితంలా ఉంటాయి తప్ప కొరకవు. కానీ బరువైన చేపను దవడ ఒక్కటే పట్టుకుని అడ్డంగా లేపి ఫొటో దిగకండి, దవడ కీలు దెబ్బతింటుంది. రెండో చెయ్యి పొట్ట కింద పెట్టండి. ఎంతసేపు బయట ఉంచొచ్చు? పెద్దాయన చెప్పిన కొలత ఇది: చేపను నీళ్లలోంచి తీసేటప్పుడు మీరూ ఊపిరి బిగబట్టండి. మీకు గాలి కావాలనిపించినప్పుడు దానికి నీళ్లు కావాలి.

*

పట్టేది మనమే, గుచ్చుకునేదీ మనకే. ముల్లు వేలిలో కొక్కెం దాకా దిగితే వెనక్కి లాగకండి. ముల్లు వంపులో గట్టి దారం ఒక ఉచ్చు వేసి, ముల్లు కాడను చర్మానికి ఆనించి కిందికి నొక్కిపట్టి, ఆ దారాన్ని ఒక్క ఊపున కాడకు సమాంతరంగా లాగితే వచ్చేస్తుంది. వైద్యులూ వాడే పద్ధతే ఇది. కంటి దగ్గరో, కీలు దగ్గరో గుచ్చుకుంటే మాత్రం చెయ్యి పెట్టకుండా ఆసుపత్రికి పదండి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో అక్కడ అడుగుతారు. నాకు గుర్తులేదంటే నర్సమ్మ నవ్వి ఇంకోటి పొడిచింది.

*

మన ఊళ్లో కప్పను గుచ్చి కొర్రమీనుకు గాలం వేసే తాతలు ఇక్కడి బాస్ వాళ్లకు గురువులు కావలసినవాళ్లు. తామరాకుల మీద బోలు రబ్బరు కప్పను గెంతిస్తూ తేవడం ఇక్కడా వేసవి వినోదం. నీళ్లు భళ్లుమని పగలగానే కర్ర లాగేస్తే కప్ప ఒక్కటే వెనక్కి ఎగిరొస్తుంది. ఒక లెక్క పెట్టండి, చేప బరువు చేతికి తెలిశాక లాగండి. తాత నన్ను కొట్టి నేర్పిన పాఠం ఇదే.

అయితే ఆ కొర్రమీను వంశం మాట ఇక్కడ జాగ్రత్తగా ఎత్తాలి. 2002లో మేరీలాండ్‌లోని క్రాఫ్టన్ దగ్గర ఒక చెరువులో దాని దాయాది, ఉత్తరాది స్నేక్‌హెడ్, పిల్లాపాపలతో బయటపడితే దేశమంతా గగ్గోలెత్తింది. చెరువులో మందు కలిపి చంపారు. అదే ఏడాది ఆ వంశం చేపల్ని ప్రాణంతో దేశంలోకి తేవడాన్నీ, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకుపోవడాన్నీ కేంద్రం నిషేధించింది. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. అమెరికా దృష్టిలో అది ముద్దాయి. జపాన్ దృష్టిలో అమెరికా బాస్ ముద్దాయి.

*

ఇక్కడి తెలుగు హోటళ్లలో ‘సీ బాస్’ అని పెట్టేది చాలాసార్లు మన పండుగప్ప వంశమే. దానికీ ఈ బాస్‌కూ చుట్టరికం లేదు. పండుగప్పలు ఎక్కువగా మగవిగా పెరిగి, కొన్నేళ్లకు ఆడవిగా మారతాయి.

*

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చారు, నాన్నగారికి గాలం సరదా. చేతికి కర్ర ఇచ్చే ముందు లైసెన్సు సంగతి చూడండి. పర్యాటక వీసా మీద వచ్చినవాళ్లకూ కావాలి. టెక్సాస్‌లో పదిహేడేళ్ల లోపు పిల్లలకు అక్కర్లేదు. రాష్ట్ర పార్కుల్లో గట్టు మీద నిలబడి వేస్తే పెద్దలకూ అక్కర్లేదు. జూన్ మొదటి శనివారం రాష్ట్రమంతటా ఎవరికీ అక్కర్లేదు. కొలబద్ద మాత్రం జేబులో ఉండాలి. టెక్సాస్‌లో మామూలుగా 14 అంగుళాల లోపు పెద్దనోటి బాస్‌ను ఉంచుకోకూడదు. లేక్ ఫోర్క్‌లో లెక్క వేరు: 16 నుంచి 24 అంగుళాల మధ్యవి వదిలేయాలి. ‘ఇంత మంచి చేపను వదిలేయడమేంట్రా’ అని నాన్నగారు వారం రోజులు అనుకుంటారు. అననివ్వండి.

*

మా కాలనీ వెనక చిన్న చెరువులో ఒక బాస్ ఉంది. ఎడమ పెదవి దగ్గర పాత ముల్లు చీల్చిన నొక్కు. మార్చిలో ఊదా పురుగుకు చిక్కింది, వదిలాను. ఏప్రిల్‌లో మళ్లీ అదే పురుగుకు చిక్కింది, వదిలాను. ఆ తర్వాత రెండు నెలలు నలుపు, తెలుపు, కప్ప, మెరిసే రేకు అన్నీ చూపించాను. నీడలో నిలబడి నా వైపు చూసి పక్కకు తిరిగేది. మొన్న ఆదివారం పక్కింటి ఆరేళ్ల కుర్రాడు బొమ్మల గాలానికి హాట్‌డాగ్ ముక్క గుచ్చి, గట్టు పక్కనే వదిలి, బెంచీ మీద కూర్చుని జ్యూసు తాగుతున్నాడు. కర్ర నీళ్లలోకి జారుతుంటే నేనే పరుగెత్తి పట్టుకున్నాను. నొక్కున్న చేపే. ఫొటో మాత్రం వాడిదే.